ఓడ ఎక్కని పెద్దబల్లి

ఆ రోజుల్లో ఈ ప్రపంచం వయసెంత అన్న విషయంలో మాకు సందేహమే ఉండేది కాదు. ఆదివారం ఒక వయసు, సోమవారం ఇంకో వయసు. సండేస్కూల్లో అది కొన్ని వేల ఏళ్ళది. మర్నాడు బడిలో సైన్సు పీరియడు గంట కొట్టేసరికి కోట్ల ఏళ్ళదైపోయేది. రెండు చోట్లా సరైన జవాబుకు మార్కులు పడేవి కాబట్టి మేమెవరం గొడవ పడలేదు. (మా తమ్ముడు మాత్రం ఒకసారి సైన్సు జవాబు సండేస్కూలు పరీక్షలోనూ, సండేస్కూలు జవాబు సైన్సు పరీక్షలోనూ రాసి రెండింటిలోనూ సున్నా తెచ్చుకున్నాడు. అది వాడి ప్రతిభ.) ఒకే బుర్రలో రెండు గడియారాలు పెట్టుకుని ఎంత హాయిగా తిరిగామో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నా మటుకు ఆ రెండు గడియారాలకూ కీ ఇచ్చింది ఒకే మనిషి, మా పెద్దబాపు.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. గూడ్సు బండ్ల మీద గార్డుగా పనిచేసి రిటైరై కాజీపేటలోనే స్థిరపడ్డాడు. మా చర్చిలో పెద్ద, సండేస్కూలుకు సూపరింటెండెంటు. ఉద్యోగం పోయినా విజిల్ జేబులోంచి పోలేదు, పచ్చజెండా చంకలోంచి దిగలేదు. ప్రసంగం మరీ సాగిందంటే పాస్టరు అయ్యగారి వైపు చూస్తూ జేబు తడుముకునేవాడు. అయ్యగారు వెంటనే ఆమెన్ అనేసేవారు. లోకంలో ఏ సంగతినైనా ఆయన గూడ్సు బండి లెక్కలోనే అర్థం చేసుకునేవాడు. జలప్రళయంలో జీవులన్నిటినీ ఓడెక్కించి కాపాడిన నోవహు కథ ఆయన నోట వినాలి. ఓడ అంటే బండి, నోవహు గార్డు, పైనున్నాయన స్టేషన్ మాస్టరు. "లోపలికి ఎక్కినంక తలుపు ఎవరు మూసిండ్రు? దేవుడే మూసిండు. అంటే వ్యాగన్‌కు సీలు పడ్డట్టు. మల్ల మధ్యల ఎవడన్న తెరుస్తనంటే నడువది" అనేవాడు. పిల్లలమంతా నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.

నాకు చదువు మీద ప్రేమ పుట్టింది కూడా ఆయన వల్లే. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకరోజు డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చి, నల్లకోటు జేబులోంచి ఒక నల్లటి పలక రాయి తీసి నా చేతిలో పెట్టాడు. బొగ్గు వ్యాగన్‌లోంచి జారి పట్టాల పక్కన పడిందట. దాని మీద ఒక ఆకు అచ్చు. "చూడు బిడ్డా, జలప్రళయంల మునిగిన ఆకు. ఈనెలు సుత ఎట్లున్నయో చూడు" అన్నాడు. చూశాను. ఆ రోజు మొదలు దారిలో ఏ రాయి కనబడ్డా తిరగేసి చూడందే కాలు ముందుకు పడేది కాదు. ఇంటర్మీడియట్ అయ్యాక ఇంట్లో అందరూ నన్ను నర్సు ట్రెయినింగుకు పంపుదామంటే, "ఈ పిల్లకు ఆకులు, రాళ్ళు గావాలె, సూదులు గాదు" అని అడ్డం పడి, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని హన్మకొండ తీసుకుపోయి డిగ్రీలో చేర్పించింది కూడా ఆయనే.

ఆ డిగ్రీ పూర్తయిన వేసవిలో జరిగిందిది. పాసైన గర్వం నాలో ఎంత ఉండేదంటే, ఇంట్లో గోడ మీద బల్లి కనబడితే దాన్ని లాటిన్ పేరుతో పిలిచేదాన్ని. (అమ్మ చీపురుతో పిలిచేది. బల్లి అమ్మ మాటే వినేది.) పైగా జూన్‌లో మా ఊరి ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరబోతున్నాను. ఆ బడి హెడ్మాస్టరమ్మను ఊళ్ళో అందరూ పెద్ద టీచరమ్మ అనేవారు. ఆమె కళ్ళజోడు పైనుంచి చూస్తే పెద్దవాళ్ళు కూడా చేతులు కట్టుకునేవారు. నా ఉద్యోగం ఇంకా నోటిమాట మీదే ఉంది, ఆర్డరు చేతికి రాలేదు.

ఎండాకాలం సెలవుల్లో మా చర్చిలో పిల్లలకు బైబిలు బడి పెట్టేవారు. వి.బి.ఎస్. అనేవాళ్ళం. పాటలు, కథలు, రస్నా, చివరిరోజు ఊరేగింపు, ఆ తర్వాత తల్లిదండ్రుల ముందు కార్యక్రమం. ఆ ఏడు అంశం నోవహు ఓడ. అంతకు కొద్ది రోజుల ముందే ఎక్కడినుంచో వచ్చిన ఒక బోధకుడు ప్రార్థన కూటాల్లో రాక్షసబల్లులు కూడా ఓడ ఎక్కాయని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన హాయిగా వెళ్ళిపోయాడు, పెద్దబాపుకు నిద్ర పోయింది. మొదట ఆ పేరే ఆయనకు నచ్చలేదు. "దేవుడు చేసిన జీవిని పట్టుకొని రాక్షస అంటరేంది? పెద్దబల్లి అనుండ్రి" అన్నాడు. తర్వాత దాన్ని ఎక్కించేదెలా అన్న లెక్కలో పడ్డాడు. అంత సరుకు ఏ బండిలో పడుతుంది? చివరికి ఒక పొద్దున మొహం వెలిగిపోతూ మా ఇంటికొచ్చాడు.

"దొరికింది బిడ్డా. పెద్దయి ఎందుకు ఎక్కిస్తడు? పిల్లలనే ఎక్కించిండు. అయిదేండ్ల లోపు పిల్లకు టికెట్ సుత లేదు గదా."

"పెద్దబాపూ, అవి మనిషి పుట్టకముందే, కోట్ల ఏండ్ల కిందనే పోయినయ్" అన్నాను.

"పోంగ ఎవరు చూసిండ్రు?"

"మరి ఎక్కంగ ఎవరు చూసిండ్రు?"

"నోవహు చూసిండు" అన్నాడు. వాదన అక్కడితో ముగిసింది. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. "ముగింపు నాడు మైకుల నువ్వే చెప్పాలె. నేను చెప్తే రిటైరైన గార్డు చెప్పిండంటరు. నువ్వు చెప్తే సైన్సే చెప్పినట్టుంటది. పెద్ద టీచరమ్మను చీఫ్ గెస్టుగ పిలిచిన. ఆమె ముంగటనే చెప్దువు."

చెబితే, సైన్సు టీచరుగా చేరకముందే పెద్ద టీచరమ్మ దృష్టిలో నా పని అయిపోతుంది. చెప్పకపోతే, నన్ను సైకిలెక్కించి కాలేజీకి తీసుకుపోయిన మనిషి ఊరందరి ముందూ చిన్నబోతాడు. ఉద్యోగం సంగతి ఎట్లాగైనా సర్దుకోవచ్చు, ఆయన మొహం వాడిపోవడం మాత్రం నేను చూడలేను. కనీసం జ్వరమైనా వస్తే బాగుండునని ప్రార్థన చేశాను. రాలేదు.

ఈలోగా పెద్దబల్లి తయారవసాగింది. ట్రాక్టరు ట్రాలీ మీద అట్టలతో, చెక్కలతో ఓడ కట్టే పని కొందరిది; వెదురు బద్దలతో బల్లిని కట్టే పని మా తమ్ముడిదీ, కొయిర్‌లో డోలక్ వాయించే అతనిదీ. ముందు కాళ్ళలో తమ్ముడు, వెనక కాళ్ళలో డోలక్ అతను దూరి నడవాలి. పిల్లబల్లి చాలని పెద్దబాపు ముందే చెప్పాడు. అయితే మేదరివాళ్ళు మంచి పొడుగాటి వెదురు ఇచ్చారు, దాన్ని నరకడానికి వీళ్ళకు మనసొప్పలేదు. మిగిలిన వెదురంతా మెడలోకి పోయింది. పైన తొడగడానికి గుడ్డ కావాలి కదా, చర్చిలో కింద పరిచే జంఖానాలు తెచ్చి చుట్టేశారు. మన కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంఖానాలు, ఎరుపూ నీలం చారలవి. అలాంటి చారల పెద్దబల్లి లోకంలో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఊరేగింపు నాడు దాన్ని ఓడ దగ్గరకు నడిపించుకొచ్చారు. తల తలుపులో పట్టింది. మెడ సగం పట్టింది. ఆ తర్వాత ఇంకేదీ పట్టలేదు. పెద్దబాపు చుట్టూ తిరిగి చూశాడు. "పిల్లబల్లిని చేయుండ్రి రా అంటే దాని తాతను చేసి పెట్టిండ్రు" అన్నాడు. అప్పటికే డప్పులు మోగుతున్నాయి, పిల్లలు వరసలో నిలబడ్డారు. ఏనుగు, ఒంటె, కోతి, కుందేలు వేషాల పిల్లలంతా ఓడలో ఎక్కి కూర్చున్నారు. చేసేది లేక పెద్దబాపు పచ్చజెండా ఊపాడు. ఓడ కదిలింది. పెద్దబల్లి దాని వెనకాల నడక మొదలుపెట్టింది.

ట్రాక్టరు నెమ్మదిగా పోదు కదా. అది కాస్త ముందుకు పోగానే బల్లి పరిగెత్తాల్సి వచ్చేది. అచ్చం ప్లాట్‌ఫారం మీద బండి తప్పిపోతున్న ప్యాసింజరులాగే ఉంది. దారి పొడుగునా జనం ఆగి చూడటం మొదలుపెట్టారు. చౌరస్తా దగ్గర చాయ్ హోటలతను గల్లా వదిలేసి బయటికొచ్చి మరీ అడిగాడు. "గార్డు సారూ, దాన్ని ఎందుకు ఎక్కిస్తలేరు? పాపం ఉరుకుతాంది."

"ఎక్కుతది, ఎక్కుతది" అన్నాడు పెద్దబాపు, అటువైపు చూడకుండా.

"జర జరుగుండ్రి లోపల, జాగ ఉన్నది గదా" అన్నారెవరో ఏనుగునీ ఒంటెనూ ఉద్దేశించి. అదే సమయానికి బల్లి వెనక కాళ్ళు, "అన్నా, జర ఆపుండ్రి, దమ్ము ఆడుతలేదు" అని గట్టిగా మొరపెట్టుకున్నాయి. రోడ్డు రోడ్డంతా నవ్వింది. పెద్దబల్లులు ఓడ ఎక్కాయని చాటడానికి బయల్దేరిన ఊరేగింపు, అవి ఎక్కలేదని కాజీపేటంతటికీ కళ్ళకు కట్టినట్టు చూపించేసింది. నేనూ నవ్వాను. అంతలో పెద్దబాపు నా వైపు తిరిగి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఇంక నువ్వే దిక్కు అన్నట్టు ఉంది. నా నవ్వు ఆగిపోయింది.

చర్చికి తిరిగొచ్చేసరికి ఇంకో చిక్కు వచ్చిపడింది. తల్లిదండ్రులంతా వచ్చేశారు, కూర్చోవడానికి కింద ఏమీ లేదు. జంఖానాలన్నీ బల్లి ఒంటి మీదే ఉన్నాయి. అయ్యగారు మెల్లగా పెద్దబాపు చెవిలో విషయం చెప్పారు. ఇద్దరు మనుషులు వచ్చి ఒక్కొక్క జంఖానా విప్పి నేల మీద పరిచారు. జనం బల్లి చర్మం మీద సర్దుకుని కూర్చున్నారు. వేదిక పక్కన వెదురు ఎముకలు, మెడ, పక్కటెముకలు మాత్రం మిగిలాయి. పెద్ద టీచరమ్మ కుర్చీలో కూర్చుని ఆ అస్థిపంజరాన్ని కళ్ళజోడు పైనుంచి చాలాసేపు చూసింది. నా పేరు పిలిచారు.

మైకు ముందు నిలబడ్డాక ముందుగా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళింది. ఆకు రాయి తగిలింది. (డిగ్రీ పరీక్షలకు కూడా దాన్ని సంచిలో పెట్టుకునే వెళ్ళాను. సైన్సు చదివేవాళ్ళు అట్లాంటివి చేయకూడదు, అయినా చేశాను.) దాన్ని బయటికి తీసి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాను.

"ఓడల ఎవరెవరు ఎక్కిండ్రో నాకు తెల్వదు" అన్నాను. "ఈ ఆకు కోట్ల ఏండ్ల కిందిదని నేను చదివిన పుస్తకాలు చెప్తయ్. జలప్రళయం నాటిదని మా పెద్దబాపు చెప్తడు. నేను పుస్తకాల మాటనే నమ్ముతున్న, మైకుల నిలబడి అబద్ధం చెప్పలేను. కని, ఈ రాయిని బొగ్గుల నుంచి ఏరుకొచ్చి నా చేతుల పెట్టింది ఆయనే. చూడు బిడ్డా అన్నది ఆయనే. ఆ మాట అనకపోతే నేను ఒక్క పుస్తకం సుత తెరవకపోదును. నాకు చూసుడు నేర్పింది మా పెద్దబాపు. గంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో వాళ్ళకు తెలియలేదు. నేను తల దించుకుని నిలబడ్డాను. పెద్దబాపు లేచిన అలికిడి వినబడింది. అయ్యగారు భయంగా ఆయన జేబు వైపు చూశారు. ఆయన విజిల్ తీశాడు, నోట్లో పెట్టుకుని బండి కదిలేటప్పుడు ఊదినట్టు పొడుగ్గా ఊదాడు. చంకలోంచి పచ్చజెండా తీసి నా వైపు ఊపాడు. "రైట్" అన్నాడు. "బండి పోనీయుండ్రి." అప్పుడు మోగాయి చప్పట్లు. అందరికంటే ఎక్కువగా మోగించింది బల్లి వెనక కాళ్ళే.

పెద్ద టీచరమ్మ వెళ్ళేముందు నన్ను పిలిచి, "జూన్‌లో మొదటి పాఠానికి ఆ రాయి తీసుకురా అమ్మాయ్" అంది. అదే నా అపాయింట్‌మెంటు ఆర్డరు. సాయంత్రం చర్చి మెట్ల మీద పెద్దబాపు పక్కన కూర్చుని చాయ్ తాగాను. ఆయన గ్లాసు చేతిలో తిప్పుతూ అడిగాడు.

"కోట్ల ఏండ్లా?"

"అవును పెద్దబాపూ."

"గంత ఓపిక ఉంటదా దేవునికి?" అని, తనే జవాబు చెప్పుకున్నాడు. "ఉండొచ్చు. ఆయనకు రిటైర్మెంట్ లేదు గదా." గ్లాసు కింద పెట్టి మళ్ళీ అన్నాడు. "కని పిల్లలైతే ఎక్కినయ్ బిడ్డా."

"సరే పెద్దబాపూ" అన్నాను. లాటిన్ పేర్ల పిల్ల ఆ రోజు మొదటిసారి వాదన వదిలేసింది.

ఆయన పోయిన చాలా ఏళ్ళకు, గోదావరి అవతల దొరికిన ఎముకలతో ఒక రాక్షసబల్లిని హైదరాబాదులో నిలబెట్టారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. పిల్లలకు జీవపరిణామం బోధించి జుట్టు నెరిసిన టీచరమ్మనే అయినా, దాని కింద నిలబడి తలెత్తి చూడగానే నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన, దీనికి ఎన్ని వ్యాగన్లు కావాలి అని. పక్కనున్నవాళ్ళు నేనెందుకు నవ్వుతున్నానో, ఎందుకు కళ్ళు తుడుచుకుంటున్నానో తెలియక కాస్త దూరం జరిగారు.

ఆకు రాయి నేను రిటైరయ్యేదాకా ప్రతి జూన్‌లోనూ నాతో బడికి వచ్చింది, ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఇంటికొచ్చే పిల్లలు దాన్ని చేతిలోకి తీసుకుని అది ఎన్నేళ్ళదని అడుగుతారు. కోట్ల ఏళ్ళదని చెబుతాను. ఎవరిచ్చారని మాత్రం ఎవరూ అడగరు. అడగకపోయినా కూర్చోబెట్టి చెబుతాను.