మార్లిస్ వ్యాను కప్పుకి నీళ్ళ పరీక్ష

మార్లిస్ టోర్గెర్సన్ ముప్ఫై ఒక్కేళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఆఖరి రోజు తాళాలు అప్పగించి, మర్నాడే అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఒక పాత వ్యాను కొనుక్కుని అందులో కాపురం పెట్టింది. మనిషి తాటిచెట్టంత పొడుగు. మామూలు వ్యానులో అయితే నడుం వంచుకునే బతకాలి. కానీ దీనికి ఎవరో పుణ్యాత్ముడు అసలు రేకు కప్పు కోసేసి, దాని మీద ఫైబర్ గ్లాసుతో చేసిన ఎత్తు కప్పు బిగించాడు. దాని కింద ఆవిడ నిటారుగా నిలబడి తల దువ్వుకోగలదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఇంతకన్నా భోగం ఏముందనేది ఆవిడ.

అమెరికాలోని ఆరిగన్ తీరంలో వాన అక్టోబర్‌లో దిగితే మే దాకా కదలదు. అందుకే మార్లిస్ లాగా బళ్ళలో కాపురముండేవాళ్ళు మకాం వేసే హెమ్లాక్ కోవ్ క్యాంపులో ఏటా సెప్టెంబర్ చివరి శనివారం పైపు రోజు. ఆ రోజు ప్రతి బండి కప్పునీ కదిపి చూస్తారు, ఆ తర్వాత పైపుతో నీళ్ళు కొట్టి చూస్తారు. నియమం ఒకటే. బండి సొంతదారు లోపల కూర్చోకూడదు. ఎవరి బండిలో పడే చుక్క వాళ్ళ కంటికి ఆనదని అక్కడివాళ్ళ అనుభవం. వేరేవాళ్ళు కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పాలి.

ఆ ఏడు మార్లిస్ బండిలో కూర్చోవడానికి పట్టుబట్టి వచ్చింది ఆవిడ అక్క ఆర్డెల్. ఆర్డెల్‌కి డెబ్భై నాలుగు. ఊళ్ళో రెండు గదుల అపార్ట్‌మెంటులో ఒక్కతే ఉంటుంది. చెల్లెలు డబ్బాలో బతకడం ఆవిడకి మొదటినుంచీ కంటగింపే. కిందటి ఫిబ్రవరిలో కప్పు కారి, పరుపు తడిసి, మార్లిస్ నెల్లాళ్ళు దగ్గింది. దాంతో అక్కకి మంచి ఆయుధం దొరికింది. పోరు పడలేక ఒకరోజు మార్లిస్ నోరు జారింది. "పైపు రోజున ఒక్క చుక్క పడినా బండి అమ్మేసి నీ దగ్గరికి వచ్చేస్తా, సరేనా!" అంది, అదీ అందరి ముందూ.

పొద్దున తొమ్మిదింటికి డువేన్ నిచ్చెన వేశాడు. చేపల పడవల్లో వంటవాడిగా చేసి మానేసిన మనిషి, పక్క బండి ఆయనదే. రెండు అరచేతులూ కప్పుకి ఆనించి అటూ ఇటూ తోశాడు. వెనక మూల టిక్కుమంది.

"బోల్టులు రెండు వదులయ్యాయమ్మోయ్! హైవే మీద గాలికి ఈ టోపీ ఎగిరిపోయేది."

"ఎగిరితే నువ్వే పట్టుకొచ్చేవాడివిలే. బిగించు ముందు."

వాషరు కింద రబ్బరు కాస్త ఉబికేదాకా బిగించాడు. కప్పు అంచు కింద చుట్టూరా కాగితం ముక్క దూర్చి చూశాడు. ఎక్కడా దూరలేదు. "ఎలా దూరుతుంది? ఏడేళ్ళుగా ఏటా నా చేత్తో పైనా కిందా సిలికాన్ జిగురు పూస్తున్నా" అని మార్లిస్ అందరివంకా గర్వంగా చూసింది.

ఆర్డెల్ పరుపు మీద గోధుమరంగు కాగితం పరిచి, దాని మీద మైదా జల్లించింది. చుక్క పడితే మచ్చ దాగదు.

"రొట్టెలు కాలుస్తావేమిటే అక్కా?"

"సాయంత్రానికల్లా నీ సామాను కట్టిస్తా, ఉండు" అంటూ తలుపేసుకుంది.

డువేన్ కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి నీళ్ళు పట్టాడు. ముందే పైన పోస్తే నీళ్ళు ఎక్కడ దూరాయో తెలియదు. గంట పట్టింది. ఆ గంటా మార్లిస్ కాలు ఒకచోట నిలవలేదు. ఆ బండి పోతే తన బతుకు తన చేతిలో ఉండదని ఆవిడకు తెలుసు.

తలుపు తెరుచుకుంది. ఆర్డెల్ మొహం ముడుచుకుని దిగింది. "ఒక్క చుక్క లేదు. చాలా?"

క్యాంపంతా చప్పట్లు. మార్లిస్ పరుగున వెళ్ళి అక్కని వాటేసుకుంది. అలాగే ఆగిపోయింది. ఆర్డెల్ ఎడమ చెయ్యి మోచేతి దాకా తడిసి ముద్దగా ఉంది. లోపలికి తొంగి చూస్తే మైదా మీద మచ్చ లేదు. పడే చుక్కకి అడ్డంగా గంటసేపు చెయ్యి చాపుకుని కూర్చుందీ మహాతల్లి!

మాట్లాడకుండా ఊరుకుంటే ఇల్లు దక్కుతుంది. కానీ బండి కప్పు విషయంలో అబద్ధం మార్లిస్ గొంతు దిగలేదు.

"డువేన్, కారింది. మళ్ళీ చూడు" అంది.

డువేన్ వెనక మూల తడిమి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పై అంచు మూస్తే చాలు కదా తల్లీ! కిందిది వదిలెయ్యాలి. ఎక్కడో దూరిన నీళ్ళు బయటికి పోవడానికి ఉన్న ఒక్క దారీ నువ్వే మూసేశావు. ఇంక లోపలికి కాక ఎక్కడికి పోతాయి?"

కత్తితో కింది సిలికాన్ చెక్కగానే చెంబెడు నీళ్ళు భళ్ళున మార్లిస్ బూట్ల మీద పడ్డాయి. అందరూ పగలబడి నవ్వారు, అందరికన్నా గట్టిగా మార్లిసే నవ్వింది. పై అంచులో పగిలినచోట కొత్తగా పూసి, అది ఆరాక సాయంత్రం మళ్ళీ నీళ్ళు పట్టారు. ఈసారి ఆర్డెల్‌ని ఎవరూ నమ్మలేదు. డువేనే కూర్చున్నాడు. మైదా మైదాలాగే ఉంది.

అందరూ వెళ్ళిపోయాక మార్లిస్ అక్క పక్కన కూర్చుంది. "పొద్దున చుక్క పడింది. మాట మాటే. రేపు సామాను సర్దుతా. అయినా నాకు తెలియకడుగుతా, కోరి తెచ్చుకున్న గెలుపు చేతులారా ఎందుకు వదిలేసుకున్నావే?"

ఆర్డెల్ పొద్దున తడిసి ముడతలు పడ్డ చొక్కా చెయ్యి సాపు చేసుకుంది.

"లోపల కూర్చుని చుక్క ఊరడం చూడగానే గెలిచాననుకున్నా. నువ్వు వచ్చేశాక ఎలా ఉంటుందా అని ఆలోచించా. ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి ఇక్కడికొస్తా కదా, అదొక్కటే నేను గడప దాటేది. నువ్వొచ్చి నా సోఫాలో కూర్చుంటే నేనెక్కడికి పోవాలే?"

"అయితే వచ్చే ఆదివారం కూడా రావే" అంది మార్లిస్. అక్క ఎడమ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఆఖరి బస్సు వేళయ్యేదాకా అలాగే పట్టుకు కూర్చుంది.