సత్తిబాబు కంచంలో తిన్నది నేనే

ఇది కడుపులో పెట్టుకుని ఏళ్లయిపోయిందండి. ఇంట్లో చెప్పలేదు. గుళ్లో చెప్పలేదు. ఒకసారి గోదాట్లో ములిగి, నీళ్లలోనైనా చెప్పేద్దామనుకున్నాను. నీళ్లు ముక్కులోకి పోయి దగ్గుకుంటూ గట్టెక్కేసేను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు చెప్పను. మలికిపురం దగ్గర మాది, అంతవరకే. ఇంకొక్క ముక్క ఎక్కువ చెబితే మావాళ్లు సాయంత్రానికల్లా నన్ను పట్టేసుకుంటారు.

సత్తిబాబూ నేనూ బళ్లో ఒకే బెంచీ. పెళ్లయిన కొత్తలోనే డ్రైవరు పనికి కువైట్ వెళ్లేడు వాడు. ఎప్పుడో సెలవు మీద రావడం, సెంటు సీసాలు పంచడం, ఊరందరి ఇళ్లల్లోనూ విందులు తినడం, మళ్లీ విమానం ఎక్కేయడం. జుట్టు నెరిసేక పూర్తిగా వచ్చేసేడు. వచ్చిన ఏడాదే కడుపులో గడ్డ బయటపడింది. కాకినాడలో కోసి చూసి, మళ్లీ కుట్టేసి, ఇంక చేసేదేం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైనవి పెట్టుకో అన్నారు.

ఆ చివరి మాట వాళ్లావిడ నాగమణి దగ్గర అనకుండా ఉండాల్సింది. నేను చెల్లెమ్మా అని పిలుస్తాను ఆవిణ్ణి. మొగుడు అక్కడ ఎండురొట్టె నమిలి బతుకుతుంటే తానిక్కడ వేడన్నం తింటున్నానని ఆవిడకి ఎప్పుడూ ఒక బాధ. అన్నేళ్లు పెట్టలేకపోయిందంతా ఇప్పుడు పెట్టేయాలి. పైగా డాక్టరు కూడా చెప్పేడాయె. ఇంక ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు.

వాడికేమో ముద్ద దిగదు. కొబ్బరినీళ్లు రెండు గుక్కలు, మజ్జిగ నాలుగు చెంచాలు, అంతే. తాలింపు వాసనకే మొహం తిప్పేసుకునేవాడు. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం లేదు. నేను రోజు విడిచి రోజు మధ్యాహ్నం కొట్టు కట్టేసి బండి మీద వెళ్లి కూర్చునేవాణ్ణి. మొదటి వారమే చెల్లెమ్మ బొమ్మిడాయి చేపల పులుసు పెట్టి వెళ్లింది. వాడు కంచం నా వైపు తోసేడు. తినెయ్యరా, ఖాళీ కంచం చూస్తే దానికి నిద్ర పడుతుంది అన్నాడు.

వద్దన్నానండి. నోటితో అన్నాను. చెయ్యి అప్పటికే కంచంలో ఉంది.

ఇక్కడ నా సంగతి కూడా కొంచెం వినాలి మీరు. నాకు షుగరు. మా ఆవిడ ఆ కబురు తెలిసిన రోజునుంచి ఇంట్లో ఉప్పుకీ, నూనెకీ, నా సంతోషానికీ కలిపి ఒకేసారి సెలవిచ్చేసింది. పొద్దున్న జావ. మధ్యాహ్నం జొన్నరొట్టె, పక్కన కాకరకాయ. రాత్రికి మళ్లీ ఆ రొట్టే. అలాంటివాడి ముందు బొమ్మిడాయిల పులుసు పెట్టి స్నేహధర్మం అంటే ఏమవుతానండీ? ఇలా అడుగుతున్నానంటే నన్ను నేను వెనకేసుకొస్తున్నాననే కదూ? వెనకేసుకొస్తున్నాను. మీరు పట్టించుకోకండి.

ఆవిడ చూస్తూనే ఉంటుంది కదా, ఎలా కుదిరిందని మీకు అనుమానం రావచ్చు. ఆవిడ చూడదు. జబ్బు మనిషి తింటుంటే చూడకూడదు, దిష్టి తగులుతుంది, అందులోనూ అయినవాళ్ల కళ్లే ముందు తగులుతాయని ఆవిడ గట్టి నమ్మకం. అందుకని కంచం పెట్టి, తలుపు దగ్గరగా వేసి, వెనకనున్న వంటపాకలోకి వెళ్లిపోయేది. నేను లేని పూటల్లో వాడు, తిన్నదే ఇంకా అరగలేదని చెప్పి మజ్జిగతో సరిపెట్టేసేవాడు. ఖాళీ కంచం తీయడానికి వచ్చినప్పుడు మొహం చూడాలి, దీపం పెట్టినట్టుండేది. ఉప్పూ మిరపకాయలూ తెచ్చి వాడికి దిష్టి తీసేది. దిష్టి తీయాల్సింది నాకు. నేను పక్కనే కుర్చీలో త్రేన్పు ఆపుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఊళ్లో మందులిచ్చే డాక్టరుగారు వచ్చి చూసి తల పట్టుకునేవారు. ఇంతింత తింటుంటే ఒంటికి పట్టకుండా ఎక్కడికి పోతోందండీ అని నన్నే అడిగేరు. ఏమోనండి అన్నాను. అరుగుదలకి సిరప్పు రాసిచ్చేరు. అదీ నేనే తాగేను. నాకు అవసరమే అది.

ఇంటి దగ్గర మా ఆవిడ నా చొక్కాలు బిగుతవుతున్నాయని గమనించింది, పరీక్ష చేయిస్తే షుగరు ఎక్కడో ఉంది. స్నేహితుడి మీద దిగులుతో పెరిగిపోయిందని తేల్చి, కళ్లనీళ్లు పెట్టుకుని, జొన్నరొట్టె ఒకటి తగ్గించింది.

ఇంతవరకూ తప్పేం లేదండి. వాడు తినమన్నాడు, తిన్నాను. తప్పు ఎక్కడ మొదలైందంటే, ఒకరోజు నేను బండి తీస్తుంటే చెల్లెమ్మ గేటు దాకా వచ్చి, ఆయన ఎల్లుండికి ఏం చెయ్యమన్నారో మీతో ఏమైనా అన్నారా అన్నయ్యగారండీ అని అడిగింది. వాడేమీ అనలేదు. ఏమీ అనలేదని చెబితే ఆ మొహం వాడిపోతుంది. నోటికి మొదట వచ్చిందేదో అనేసేను. పనసపొట్టు కూర అమ్మా, ఆవ పెట్టి.

అది అమాయకంగానే అన్నాను. రెండోసారి అడిగినప్పుడు మాత్రం అమాయకత్వం లేదు. దారిలో ఆలోచించుకునే వెళ్లేను.

చిక్కేమిటంటే సత్తిబాబుకి పనసపొట్టు చిన్నప్పట్నుంచీ పడదు. ఆవిడ కంచం పెడుతూ, మీకిది సయించదనుకున్నానండీ ఇన్నేళ్లూ, అడిగేరంటే భలే ముచ్చటేసింది అంది. వాడు నాకేసి చూసేడు. తలుపు పడ్డాక నవ్వడం మొదలెట్టేడు. నవ్వితే వాడికి కడుపులో నొప్పి. పొట్ట పట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారుతూ నవ్వేడు. నేను దాన్ని అనుమతి కింద లెక్కేసుకున్నాను. అప్పట్నుంచి పనసాకు పొట్టిక్కలు, చింతచిగురు రొయ్యలు, మినపగారెలు, ఒకటేమిటి, అన్నీ వాడి పేరు మీదే.

ఇవన్నీ తిన్నంత తేలిగ్గా అవవు కదండీ. పొట్టు సన్నగా కొట్టాలి. పొట్టిక్కలకి ఇడ్లీపిండి పోసి ఉడికించడానికి పనసాకులు తెచ్చి పుల్లలతో బుట్టలు కుట్టాలి. రొయ్యలు ఒలవాలి, పప్పు రుబ్బాలి. ఆవిడ తెల్లారి లేచి వంటపాకలో దూరితే మధ్యాహ్నం దాకా బయటికి రాదు, వచ్చినా కంచం పెట్టి తలుపేసి వెళ్లిపోవడమే. మొగుడి దగ్గర కూర్చునేది నేను. నేను దాన్ని గమనించలేదని చెబుదామని ఉంది. గమనించేను. పోనీలే, ఆవిడకి అదే తృప్తి అనుకున్నాను. అలా అనుకోవడం నాకు కూడా రుచిగా ఉండేది.

ఇప్పుడు అసలు దానికి వస్తాను. నన్ను కాస్త ఊపిరి తీసుకోనివ్వండి.

దీపావళి ముందు, తూర్పుగాలి తిరిగిన రోజులు. సత్తిబాబు ఆవేళ కొంచెం తేటగా ఉన్నాడు. నేను కంచం ఖాళీ చేసి చెయ్యి తుడుచుకుంటుంటే అన్నాడు.

"రేపు దాన్ని ఏమీ వండొద్దని చెప్పరా."

"ఏం, ఏమైంది?"

"ఏం లేదు. వచ్చి ఇక్కడ కూర్చోమను, ఊరికే. దాని మొహం సరిగ్గా చూసి ఎన్నాళ్లయిందో. కువైట్‌లో ఉన్నప్పుడు ఫోన్లోనైనా కాసేపు మాట్లాడేది."

"ఆ ముక్క నువ్వే చెప్పొచ్చు కదా."

"నేనంటే తిండి దిగట్లేదని కనిపెట్టేస్తుంది. నువ్వు చెబితే నమ్ముతుందిరా."

సరేనన్నాను. చెబుదామనే వెనక వంటపాకలోకి వెళ్లేను. ఒట్టు, చెబుదామనే వెళ్లేను. ఆవిడ చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంటూ లేచి, రేపటికి ఏమన్నారండీ అంది. ఆ కళ్లలో ఆత్రం చూసేను. ఆ పూటే మలికిపురం సెంటర్లో చీరమేను గంపలు దిగడం కూడా చూసేను. మీది మా వైపు కాకపోతే తెలీదేమో, నూలుపోగంత చేపపిల్లలవి, ఏడాదికి ఆ కాసిని రోజులే దొరుకుతాయి. మా ఇంట్లో అయితే ఆ పేరు కూడా ఎత్తనివ్వరు.

నోరు తెరిచేను. "చీరమేను అడుగుతున్నాడమ్మా" అన్నాను.

ఎందుకన్నాను? ఇన్నేళ్లుగా ఇదే అడుగుతున్నాను నన్ను నేను. ఆవిడ మొహం చూసి జాలేసిందా? అది కొంతే. ఒక్కరోజులో ఏం పోతుంది, వాడి మాట ఎల్లుండి చెబుతాను, రేపు ఇది కానిద్దాం అనుకున్నాను. తిండిపోతు వెధవ ఎలా ఆలోచిస్తాడో అలాగే ఆలోచించేను.

నేను వెళ్లే రోజు కాకపోయినా మర్నాడు కూడా వెళ్లేను. చూడ్డానికి అని ఇంట్లో చెప్పేను. ఆవిడ పొద్దున్నే గంపల దగ్గరికి పోయి తెచ్చి, అప్పట్నుంచీ కడుగుతూనే ఉంది. చీరమేను కడిగిన కొద్దీ ఇసక వస్తూనే ఉంటుంది. సత్తిబాబు నాచేత తలగడ ఎత్తు పెట్టించుకుని, తల దువ్వించుకుని, తలుపుకేసి చూస్తున్నాడు. చెప్పేవా అన్నాడు. చెప్పేనురా, పని ముగించుకుని వస్తానంది అన్నాను.

కాసేపటికి ఆవిడ కంచంతో వచ్చింది. మంచం పక్కన పెట్టింది. వాడు చెయ్యి కొంచెం పైకెత్తేడు. ఆవిడ కంచం కోసం అనుకుని ఇంకా దగ్గరికి జరిపి, తినండీ, మీరు అడిగిందే అని నవ్వి, ఎప్పట్లాగే కళ్లు దించుకుని తలుపు వేసుకుని వెళ్లిపోయింది. వాడు ఆ తలుపుని చూస్తూ ఉండిపోయేడు. తర్వాత గోడ వైపు తిరిగేడు.

తిన్నావా అని అడుగుతారు మీరు. ఆయ్, తిన్నానండి. వాడి వీపు నాకేసి ఉంది. అంతా తిన్నాను. బాగుంది కూడా.

ఆ సాయంత్రమే పోయేడు. ఆవిడ దొడ్లో గిన్నెలు తోముతోంది. పిలిస్తే వినిపించేంత దూరమే.

మూడోరోజు చిన్నదినానికి పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి పక్షికి పెడతాం మావాళ్లలో. చెల్లెమ్మ ఏడుస్తూనే దగ్గరుండి అన్నీ వండించింది. ఆకులో చూస్తే అన్నీ నావే. పనసపొట్టు, పొట్టిక్కలు, బొమ్మిడాయిలు, చీరమేను. సత్తిబాబు అక్కగారు బుగ్గన వేలేసుకుని, వీడికి పనసపొట్టు ఎప్పట్నుంచే అంటే, ఆఖర్లో అడిగి మరీ చేయించుకున్నారు వదినా అంది ఈవిడ. కాకి రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందిరా అని పెద్దాళ్లు గుసగుసలు మొదలెట్టేరు. అక్కగారు తమ్ముడితో ఉన్న పొలం గట్టు తగాదా ఒదిలేస్తానని మొక్కింది. బావగారు చుట్ట మానేస్తానన్నాడు. చెల్లెమ్మ ఆకు ముందు కూలబడి, అన్నీ పెట్టేను కదండీ, ఇంకేం కావాలో చెప్పండి అని ఏడ్చింది. ఏం కావాలో తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే, కొబ్బరిచెట్టు వెనక నిలబడ్డాను. చివరికి పక్కింటి కోడిపెట్ట వచ్చి గబగబా ఆకంతా కెలికేసింది. పెద్దాళ్లు కాసేపు ఆలోచించి, కోడైనా పక్షే కదా అని తేల్చి స్నానాలకి లేచేరు.

ఇది జరిగి ఏళ్లయింది. ఇప్పటికీ చెల్లెమ్మ ఎవరొచ్చినా అదే చెబుతుంది. కువైట్‌లో ఉన్నన్నాళ్లూ నా చేతి ముద్దకి నోచుకోలేదు, ఆఖరికి కడుపు నిండా తినే వెళ్లేరండీ అని. ఆ మాట చెప్పేటప్పుడు నిటారుగా కూర్చుంటుంది. ఆ మాట మీదే బతుకుతోంది. ఆయన తినలేదమ్మా, నిన్ను పక్కన కూర్చోమన్నాడు, నువ్వు రానన్నావని అనుకుని పోయేడు అని నేను ఇప్పుడు చెబితే ఆవిడకి ఏం మిగులుతుంది?

ఇదీ నేను చెప్పుకునే కారణం. బాగానే ఉంది కదా వినడానికి. కానీ ఇంకోటి కూడా ఉందండి. నేను వెళ్లినప్పుడల్లా ఆవిడ ఇప్పటికీ అన్నం పెడుతుంది. ఆయన్ని అంత కనిపెట్టుకున్న మనిషి అని కొసరి కొసరి వడ్డిస్తుంది. నిజం చెబితే ఆ విస్తరి లేచిపోతుంది. ఆవిడ మీద జాలా, ఆ అన్నం మీద ఆశా, ఏది నా నోరు కట్టేస్తోంది? రెండూనండి. ఏది ఎక్కువో తూచుకునే ధైర్యం నాకు లేదు.

క్షమించమని అడగను. క్షమించాల్సినవాళ్లలో ఒకడు లేడు, ఇంకొకావిడకి తెలీదు, మీకేమీ సంబంధం లేదు. వాడు కబురు పంపింది ఆవిడకి. నేను ఇన్నేళ్లూ దాచి దాచి తెచ్చి ఇచ్చింది మీకు. పొరపాటు మనిషికే ఇచ్చేను, తెలుసు. అయినా ఒక్కసారి, వాడు చెప్పినట్టే, పూర్తిగా అననివ్వండి. చెల్లెమ్మా, రేపు ఏమీ వండొద్దట. వచ్చి తన పక్కన కూర్చోమన్నాడు.