కృపానందం వంగి కొట్టిన దెబ్బ

కృపానందానికి ఉన్నది ఒక్కటే కోరిక, రైల్వేలో నౌకరి. కాజీపేటలో పుట్టినవాడికి ఇంకేం కోరిక ఉంటుంది చెప్పండి? తండ్రి డోర్నకల్ దగ్గర పట్టాల పనిలో రోజు కూలీగా చేసి, పర్మనెంటు కాకముందే పోయాడు. తల్లి సువార్తమ్మ మిషన్ బడిలో గదులు ఊడ్చి కొడుకును పెంచింది. వాడి చదువు పదో తరగతితో ఆగింది. మిగిలింది హాకీ. బాగా ఆడేవాళ్లకు రైల్వేలో ఏటా ఒకటో రెండో ఖలాసీ ఉద్యోగాలు ఇచ్చేవారు. ఆ ఒక్క దారి పట్టుకుని వాడు ఆరేళ్లు ఆడాడు.

ఆట నేర్పింది ఆ బడి డ్రిల్లు మాస్టరు సుందర్ రావు సారు. మంచివాడే, కాని ఉత్త మొండి మనిషి. అక్కడి గ్రౌండు మొరం నేల. గులకరాయి తగిలితే చాలు, బంతి మోకాలెత్తు ఎగిరేది. అందుకని సారు ఒక పద్ధతి కనిపెట్టాడు. ఎడమ కాలు ముందుకు చాచి, కుడి మోకాలు నేలకు ఆనేంత కిందికి వంగి, నడుము మెలితిప్పి, నేలను ఊడ్చినట్టు కర్ర విసరాలి. అలా కొడితే బంతి ఎగరదు, నేలబారున దూసుకుపోతుంది. పెనాల్టీ కార్నర్ వచ్చిందంటే గోలు గీత మీది నుంచి ఒకడు బంతి తోసేవాడు, యాకయ్య అనే కుర్రాడు దాన్ని అప్పటి రూలు ప్రకారం అరచేత్తో ఆపేవాడు, కృపానందం కొట్టేవాడు. గోలీ కాలు కదిపేలోపే వెనక పలక ఠప్పుమనేది. ఆ దెబ్బ చూడటానికి పరకాల నుంచి కూడా జనం వచ్చేవారు.

దానికోసం రోజుకు రెండు వందల దెబ్బలు కొట్టించేవాడు సారు, అన్నీ ఒకే పక్కకు మెలి తిరిగి. మనిషి నడుమేమన్నా ఇనుముతో చేశారా? డెబ్బై ఏడు వానాకాలంలో నొప్పి మొదలైంది. దీపావళి నాటికి పొద్దున్నే మంచం మీంచి లేవాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. హనుమకొండలో ఎముకల డాక్టరు చూసి, వెన్నులో ఒక పూస జరుగుతోందన్నాడు. ఆరు నెలలు కర్ర ముట్టొద్దన్నాడు. ఆ తర్వాతైనా నిలబడి కొట్టాలి గాని ఇలా వంగితే నడుము ఇక పనికిరాదన్నాడు.

సికింద్రాబాదులో సెలెక్షన్లు ఐదు వారాల్లో ఉన్నాయి. కృపానందం పోయి సారుకు చెప్పాడు. సారేమో, ముందు సెలెక్షన్ కానియ్యి, రెస్టుదేముంది, తర్వాత తీసుకోవచ్చు అన్నాడు. చదువుకున్న మనిషి అనాల్సిన మాటేనా అది? వింటేనే ఒళ్లు మండుతుంది. కాకపోతే కృపానందం మనసులోనూ అదే ఉంది. నాలుగు రోజులు నిలబడి కొట్టి చూశాడు. బంతి నీరసంగా దొర్లుకుంటూ పోయింది. ఐదో రోజు మళ్లీ వంగాడు. సువార్తమ్మ రోజూ పాత చీర ముక్క వాడి నడుముకు బిగించి కట్టేది, కడుతూ ప్రార్థన చేసేది.

సికింద్రాబాదులో నాలుగు కార్నర్లకు నాలుగు గోల్స్ కొట్టాడు. జాబితాలో వాడిదే మొదటి పేరు. యాకయ్యది రెండోది, కాని ఉద్యోగం ఒక్కటే. మెడికల్ పరీక్ష ఇంకా ఉంది, ఆర్డరు చేతికి వచ్చేదాకా ఆగమ్మా అని పాస్టరుగారు ఎంత చెప్పినా సువార్తమ్మ వినలేదు. దేవుడు ఇచ్చినదానికి వెంటనే స్తుతి చెల్లించకపోతే ఎలా అంది. ఇంటి ముందు కృతజ్ఞత కూడిక పెట్టి వాడకట్టంతటికీ బగారన్నం వడ్డించింది. సుందర్ రావు సారు లేచి సాక్ష్యం కూడా చెప్పాడు. కూడిక జరిగినంతసేపూ కృపానందం నిలబడే ఉన్నాడు. కూర్చుంటే లేవలేడు. భక్తి అనుకున్నారు అందరూ.

తొమ్మిది రోజులకు మెడికల్ జరిగింది. కళ్లు బాగున్నాయి, గుండె బాగుంది. వంగి కాలివేళ్లు ముట్టుకోమన్నారు. వంగాడు. అంతే, మళ్లీ లేవలేకపోయాడు. అటెండరు చంకల్లో చేతులు వేసి లేపాడు. కాగితం మీద అన్‌ఫిట్ అని రాసిచ్చారు. మెడికల్ పాసైన యాకయ్యకు ఆ ఉద్యోగం దక్కింది. అన్నం తిన్నవాళ్లకు మొహం చూపించలేక సువార్తమ్మ రెండు ఆదివారాలు గుడికే పోలేదు.

కృపానందానికి చివరకు స్టేషను బయట సైకిల్ స్టాండులో కూర్చుని చీటీలు ఇచ్చే పని దొరికింది. సుందర్ రావు సారు ఆ దారిన రావడమే మానేశాడు.

రెండేళ్లు గడిచాక ఒక ఆదివారం యాకయ్య వీళ్ల ఇంటికి వచ్చాడు. రైల్వే టీములో కార్నర్ కొట్టేవాడు లేడని, తనను కొట్టమన్నారని మెల్లగా చెప్పాడు.

“ఈ యేడు గోల్స్ పడకుంటే నన్ను పర్మనెంట్ చెయ్యరట అన్నా. ఆ దెబ్బ జర నాకు నేర్పు.”

నిలబడి కొట్టుకో పోరా అన్నాడు కృపానందం. కొట్టి చూశానని, బంతి పోవడం లేదని యాకయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కృపానందం వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చుని, చేతికర్రతో వాడి మోకాలిని కిందికి నొక్కాడు. ఇంకా వంగమన్నాడు. నడుము ఇంకా తిప్పమన్నాడు. అలా చీకటి పడేదాకా వంగించాడు.

గడపలో బియ్యం ఏరుకుంటున్న సువార్తమ్మ అంతా చూసింది. యాకయ్య వెళ్లిపోయాక ఉండబట్టలేక అడిగింది.

“ఆని నడుం గూడ గిట్లనే పోతది గద బిడ్డా? తెలిసి తెలిసి ఎందుకు నేర్పుతున్నవ్?”

“పోతది అవ్వా,” అన్నాడు కృపానందం. “ఆనికి మెడికల్ అయిపోయింది గదనే.”