గణపతి బాబాయి నొక్కని క్లచ్

2024లో దుర్గాపూజ సెలవులు ముగిసిన వారం మా షోరూమ్‌కి ఒక కొత్త బండి వచ్చింది. పశ్చిమ బెంగాల్ ఖరగ్‌పూర్‌లో ఇందా పేట వైపు ఉన్న ఆ షోరూమ్‌లో నేను టెస్ట్ రైడ్ ఇన్‌చార్జిని. కొనాలనుకునేవాళ్లకి బండి చూపించడం, నడిపించడం, అడిగినవాటికి జవాబు చెప్పడం నా పని. మా తాతగారు పలాస దగ్గర నుంచి రైల్వే కొలువుకి ఈ ఊరొచ్చారు. నాన్న నింపురా యార్డులో పనిచేశారు. ఇంజన్ల మాట లేకుండా అన్నం దిగని ఇల్లు మాది. అందుకే ఆడపిల్ల మోటారు సైకిళ్లు అమ్మడమేమిటని మా ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు.

వచ్చినది నాలుగు వందల సీసీ నేకెడ్. ముందూ పక్కలా ప్లాస్టిక్ తొడుగులేమీ లేకుండా ఇంజనూ ఫ్రేమూ బయటికి కనిపించే బండిని మా వాళ్లు నేకెడ్ అంటారు. గాలి నేరుగా ఛాతీకి తగులుతుంది. ఇది మరీ చిన్నదీ కాదు, నిలబెట్టలేనంత పెద్దదీ కాదు. దీని కోసం మా ఊరి బండి పిచ్చోళ్లు నెలల తరబడి ఫోన్లలో వీడియోలు చూసుకుంటూ కాచుకుని ఉన్నారు.

ఆదివారం పొద్దున షట్టర్ ఎత్తేసరికి గుమ్మంలో జాతరలా ఉంది. హిజ్లీలోని ఐఐటీ క్యాంపస్ నుంచి తెలుగు కుర్రాళ్లు ఒక గుంపుగా వచ్చారు. వాళ్లలో వరంగల్ నుంచి పరిశోధన కోసం వచ్చిన నిఖిల్ ఒకడు. ఈ ఊరికి అప్పటికి కొత్త. బండి చుట్టూ తిరిగి, వంగి, ఇంజన్ కింద ఏముందో కూడా చూశాడు.

"అక్కా, టార్క్ కింది నుంచే వస్తదంటున్నరు, నిజమేనా?" అని అడిగాడు. టార్క్ అంటే చక్రాన్ని తిప్పే బలం. అది తక్కువ వేగంలోనే అందితే ఊళ్లో మాటిమాటికీ గేర్లు మార్చే బాధ ఉండదు.

"నడిపి నువ్వే చెప్పు తమ్ముడూ" అన్నాను.

అతని కంటే ముందు తపన్ దా వంతు. స్కూల్లో లెక్కలు చెప్పే బెంగాలీ మాస్టారు ఆయన (దా అంటే బెంగాలీలో అన్న), మా ఊరి రైడర్ల గుంపులో పాత మనిషి. చుట్టు తిరిగొచ్చి హెల్మెట్ తీస్తూనే, "దారుణ్ దీదీ, దారుణ్" అన్నారు.

నిఖిల్ మొహం వాడిపోయింది. "ఏందక్కా, గంత ఖరాబుగ ఉందా?" అని మెల్లగా నా చెవిలో అడిగాడు.

నవ్వాపుకోలేక చెప్పాను. బెంగాలీలో దారుణ్ అంటే అద్భుతమని. నిఖిల్ నడిపి వచ్చాక తపన్ దా ఎదురుగా నిలబడి, "నాది కూడా దారుణమే దాదా" అన్నాడు. అందరం నవ్వాం. ఆ తర్వాత ఇక ఎవరి అభిప్రాయం వాళ్లది. ఒకరికి హెడ్‌లైటు నచ్చలేదు, ఒకరికి అదే నచ్చింది. స్పీడు చూపించే స్క్రీను ఎండలో కనబడదని ఒకరంటే, స్క్రీను చూస్తూ నడిపేవాడికి బండెందుకని ఇంకొకరు.

ఆ సందడి మధ్యలోకి గణపతిరావు బాబాయి వచ్చారు.

ఆయన మా నాన్నకి స్నేహితుడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. మా రైడర్ల గుంపుని మొదలుపెట్టిందే ఆయన. ఏటా చలికాలంలో అందరం దీఘా సముద్రం దాకా బళ్ల మీద వెళ్తే ముందు బండి ఆయనది. అంతకు ముందు రెండు చలికాలాలు మాత్రం రాలేదు. బండికి పార్టులు దొరకడం లేదని చెప్పేవారు. ఆ రోజు కూడా వాళ్లావిడ గేర్లు లేని స్కూటర్ మీద వచ్చారు.

వచ్చీ రాగానే మొదలుపెట్టారు.

"ఇదేటి, ట్యాంకు ఇలాగుంది? కొబ్బరిసిప్ప బోర్లించినట్టు. హెడ్‌లైటు సూడండి, మిడత మొగం. సౌండేటమ్మా భారతీ, మీ పిన్ని కుట్టు మిషను తొక్కినట్టుంది."

కుర్రాళ్లు మొదట నవ్వారు. ఆయన ఆపలేదు. మడ్‌గార్డు పొట్టిదన్నారు, సైలెన్సరు బానలా ఉందన్నారు, ఈ బండి మీద దీఘా వెళ్తే నడుములు ఉండవన్నారు. పెద్దరికం ఉన్న మనిషి అలా అంటుంటే అప్పటిదాకా ఉత్సాహంగా ఉన్న ఇద్దరు ముగ్గురు వెనక్కి తగ్గడం నాకు కనబడుతూనే ఉంది. నాకు చిరాకేసింది.

"బాబాయ్, ఎక్కి చూడకుండా అన్నీ చెప్పేస్తే ఎలాగ? ఓసారి కూర్చోరాదా" అన్నాను.

తపన్ దా కూడా, "బోషో గణపతి దా" అని సీటు తట్టారు. తప్పించుకోవడానికి లేక ఆయన కూర్చున్నారు.

ఎన్నో ఏళ్లుగా జనం బళ్ల మీద కూర్చోవడం చూస్తున్నాను. సీటు మీద కూర్చున్న ప్రతివాడూ, నడపడం వచ్చినా రాకపోయినా, ఎడమ చేత్తో క్లచ్ లివర్ పట్టుకుని ఒకసారి నొక్కుతాడు. చెయ్యి దానంతటదే అటు పోతుంది. గణపతి బాబాయి కుడి చెయ్యి హ్యాండిల్ మీదికి వెళ్లింది. ఎడమ చెయ్యి తొడ మీదే ఉండిపోయింది. నేను ఆ చేతిని చూడడం ఆయన చూశారు. వెంటనే దిగిపోయి, "పనుందమ్మా" అని స్కూటర్ ఎక్కి వెళ్లిపోయారు.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. రెండేళ్ల కిందట ఆయన మేడ మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారని మా అందరికీ తెలుసు. కట్టు విప్పేశారు కాబట్టి నయమైపోయిందనే అనుకున్నాం.

మంగళవారం పొద్దున షోరూమ్ ఖాళీగా ఉంది. అద్దాల్లోంచి చూస్తే రోడ్డుకి అవతల టీ బడ్డీ దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. చేతిలో టీ, చూపు మాత్రం లోపలున్న కొత్త బండి మీద. నేను రోడ్డు దాటి వెళ్లి నాకూ ఒక టీ చెప్పాను.

టీవాడు గ్లాసు నా చేతికిచ్చాడు.

"బాబాయ్, చెయ్యి ఇంకా బాగోలేదా?" అని అడిగాను.

ఆయన గ్లాసు కుడి చేతిలోంచి ఎడమ చేతికి మార్చుకోబోయి ఆగిపోయారు. "ఎముకైతే అతుక్కుంది. పట్టే తిరిగి రానేదు. ఉంగరం ఏలూ సిటికినేలూ బిగించనేను. నా పాత బండి క్లచ్ నీకు తెల్సు కదా, రాయి లాగుంటది. ఒక పాలి రోడ్డు మీద నొక్కనేక బండి ఆగిపోనాది. ఎనక లారీ. ఆ రోజు నుంచి ముట్టుకోనేదు."

"డాక్టరు నడపొద్దన్నారా?"

"అననేదు. నొప్పి నేకుండా నొక్కగలిగితే నడుపుకోమన్నాడు. నొక్కగలిగితే కదా."

"మరి మన వాళ్లకెందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పనమ్మా? ఇన్నేళ్లు ముందు బండి నాది. ఇప్పుడు క్లచ్ నొక్కనేకపోతన్నానని సెప్పనా? పార్టులు దొరకట్నేదంటే ఎవులూ జాలిపడరు."

అప్పుడు అర్థమైంది. ఆదివారం ఆయన తిట్టింది బండిని కాదు. తాను నడపలేని బండి అంత బాగుండడం తట్టుకోలేకపోయారు.

"ఈ బండిది స్లిప్ అసిస్ట్ క్లచ్ బాబాయ్" అన్నాను. లోపలి అమరిక వల్ల లివర్ లాగడానికి కావలసిన బలం బాగా తగ్గే రకం అది. దానికి తోడు లివర్‌కి ఒక చిన్న చక్రం ఉంటుంది. అది తిప్పితే లివర్ వేళ్లకి దగ్గరగా వస్తుంది. "నడపొద్దు. ఇంజన్ ఆపేసి ఉంచుతాను. ఊరికే నొక్కి చూడండి."

"సేల్సు మాటలు సెప్పకు."

"అమ్మడానికి రమ్మనట్లేదు."

వెనకనున్న సర్వీస్ యార్డులో బండిని స్టాండు మీద పెట్టాను. లివర్‌ని దగ్గరికి తిప్పాను. ఆయన చూపుడు వేలూ మధ్య వేలూ మాత్రం వేసి, పళ్లు బిగబట్టి లాగారు. అంత బలం అక్కర్లేకపోయింది. లివర్ ఒక్కసారిగా హ్యాండిల్‌కి తగిలింది.

ఆయన వదిలేసి లివర్ వైపు చూశారు. మళ్లీ నొక్కారు. అలా ఎన్నిసార్లు నొక్కారో తెలియదు. నేను పక్కకి తిరిగి అక్కడ లేని పని ఏదో వెతుక్కున్నాను.

"ఇది నొక్కినట్టే నేదు కదే" అన్నారు చివరికి.

ఇంజన్ స్టార్ట్ చేసి యార్డులోనే మెల్లగా తిరగమన్నాను. ఆగడం, కదలడం, గేరు దించడం, మళ్లీ ఆగడం. చెయ్యి నొప్పితో లాగడం లేదని ఆయనే చెప్పాక లైసెన్సు చూసి, హెల్మెట్ ఇచ్చి, మా మామూలు టెస్ట్ రైడ్ దారి చెప్పాను. క్యాంపస్ వైపు వెళ్లి తిరిగి వచ్చేయడం. ఎంతసేపో పట్టదు.

ఎంతసేపటికీ ఆయన రాలేదు.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. మా మేనేజరు రెండుసార్లు బయటికి వచ్చి చూసి వెళ్లారు. రోడ్డు మధ్యలో మళ్లీ వేళ్లు మొరాయించాయేమో అనుకున్నాను. నా స్కూటర్ తీసి వెతకడానికి బయల్దేరబోతుంటే మలుపు తిరిగి బండి వచ్చింది. వెనక కామేశ్వరి పిన్ని కూర్చుని ఉంది. తలకి ఎర్ర హెల్మెట్, చీర కుచ్చిళ్లు ఒడిలోకి జాగ్రత్తగా దోపుకుని, ఒక చేత్తో ఆయన భుజం పట్టుకుని.

"ఎక్కడికెళ్లిపోయారు బాబాయ్, భయపడి చచ్చాను."

"నింపురా, ఇంటికెల్లినాను. మీ పిన్నికి సూపించాల కదా."

పిన్ని దిగి నడుం నిమురుకుంది. "గుమ్మం కాడ హారను కొట్టినారు. స్కూటరేమో అనుకున్నాను. సూద్దును కదా, ఈయన ఇదేసుకుని ఉన్నారు. కూర పొయ్యి మీంచి దింపేసి ఎక్కినాను." అలా అంటూనే ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత వెనక సీటుని పైనుంచి కింద దాకా చూసింది. "గానీ భారతీ, ఈ సీటేటే? పిల్లి కూసోడానికి పెట్టినారా?"

నేకెడ్ బళ్ల మీద ఇన్ని అభిప్రాయాలు విన్నాను కానీ, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. అప్పటిదాకా చిరాకుగా ఉన్న మా మేనేజరు కూడా పక్కకి తిరిగి నవ్వుకున్నారు. బండి తీసుకోవడానికి పిన్ని ఒకే ఒక్క షరతు పెట్టింది. వెనక సీటు వెడల్పుది వేయించాలి. వేయించాం.

బండి అందుకునే రోజు గుంపంతా వచ్చింది. అంత తిట్టి అదే బండి తీసుకున్నారేమిటని తపన్ దా ఏడిపించబోయారు. బాబాయి ఎడమ చెయ్యి పైకెత్తి చూపించి, "ఇది సరిగ్గా పనిసెయ్యదు దాదా. పార్టుల మాట అబద్ధం. ఈ బండైతే నొక్కగలను" అన్నారు. తపన్ దా నవ్వు ఆగిపోయింది. ఆ చెయ్యి పట్టుకుని, "ముందే చెప్తే నా బండి పక్కన సైడ్‌కార్ తగిలించి అందులో నిన్ను కూర్చోబెట్టి తీసుకెళ్లేవాళ్లం కదా" అన్నారు.

ఆ తర్వాత నా పని పద్ధతి మారింది. ఇదివరకు బండి చూపిస్తూ ముందు హార్స్‌పవర్ చెప్పేదాన్ని. ఇప్పుడు ముందు మనిషిని కూర్చోబెట్టి కాళ్లు నేలకి అందుతున్నాయా, వేళ్లు లివర్ దాకా వెళ్తున్నాయా అని చూస్తాను. ఎవరైనా బండిని మరీ తిట్టిపోస్తుంటే వాదించను. కాసేపు ఆగి, టీ తాగుతారా అని అడుగుతాను.

ఆ చలికాలం దీఘా వెళ్లాం. నేనూ వెళ్లాను. ముందు వెళ్లమని అందరూ అడిగితే బాబాయి ఒప్పుకోలేదు. అప్పటికి మా గుంపులో చేరిన నిఖిల్‌ని ముందుకి పంపి, తను పిన్నితో మధ్యలో వచ్చారు. దారిలో జీడిమామిడి తోటలు మొదలయ్యే చోట ఆయన కుడి చెయ్యి ఎత్తి ఊపారు. బళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి పక్కకి ఆగాయి. ఏమైందోనని నిఖిల్ వెనక్కి నడిచి వచ్చాడు.

"ఏటీ నేదు బాబూ, సెయ్యి లాగుతోంది. కాసేపు కూకుందాం" అన్నారు గణపతి బాబాయి. హెల్మెట్ తీసి చెట్టు నీడలో చతికిలబడ్డారు. పిన్ని సంచీలోంచి అరిసెల డబ్బా తీసింది. ఎవరికీ తొందర లేదు.