కుంటలో రెండు వరుసల పాట, ఒకే కెమెరా

పోయినేడు టీవీలో బస్తర్ జానపద బృందాల ప్రత్యక్ష ప్రసారం చూసి, ఆ చానెల్‌కు మూడు పేజీల ఉత్తరం రాశాను. డోళ్లు రేకుడబ్బాల్లా మోగాయి. పదిహేనేళ్లు స్టూడియోల్లో సౌండ్ మిక్సింగ్ చేసినవాణ్ణి, ఎక్కడ ఏ మీట తగ్గించారో వింటేనే తెలుస్తుంది. సినిమా గాయకుడు దగ్గినా దానికో మైకు పెట్టే చానెళ్లు, అడవి ఊళ్లనుంచి వచ్చిన మనుషుల ముందు నాలుగు మైకులు పాతి "జానపదం కదా, సహజంగా ఉంటుంది" అంటాయి. సహజం కాదు, చులకన. ఇదే రాశాను. జవాబు వస్తుందనుకోలేదు. ఆ కార్యక్రమానికి మిక్సింగ్ చేసిన శ్రీను అనే అతనే రాశాడు: "ఈసారి బస్తర్ సరిహద్దు ఊరు కుంటలో చేస్తున్నాం. వచ్చి నా పక్కన కూర్చోండి, ఆ తర్వాత తిట్టండి." న్యాయంగానే ఉందనిపించి బయల్దేరాను.

భద్రాచలంలో పొద్దున ఆరుంబావుకు బస్సెక్కాను. చింతూరు మీదుగా కుంటకు దాదాపు రెండున్నర గంటలు, టికెట్టు నూట ఇరవై లోపే. కిటికీ పక్క సీటు దొరికితే శబరి నది అక్కడక్కడా కనిపిస్తుంది. "కుంటల ఏం పని సారూ?" అని కండక్టర్ అడిగాడు. పాట వినడానికన్నాను. "పాటకా? ఫోన్ల రాదా?" అన్నాడు. ఫోన్‌లో వచ్చింది వినే వస్తున్నానన్నాను. ఆయనకు నామీద జాలేసినట్టుంది, చిల్లర వెంటనే ఇచ్చేశాడు.

కుంట బస్టాండు పక్కన హోటల్ నడిపే ఆవిడ "ఇడ్లీయా, పోహాయా? బార్డర్ కదా సార్, రెండూ పెడతం" అంది. ఇడ్లీ, అటుకుల పోహా రెండూ తిన్నాను, నలభై రూపాయలు. అక్కణ్ణుంచి కార్యక్రమం జరిగే స్కూలు మైదానానికి నడక పది నిమిషాలే, ఆటో అక్కర్లేదు.

మైదానంలో ప్రసారం వ్యాను, ఒక వేదిక, ఒకే ఒక కెమెరా ఉన్నాయి. శ్రీను వేదికకు ఎదురుగా, టార్పాలిన్ కింద మిక్సర్ బల్ల దగ్గర కూర్చున్నాడు. ముప్పయి అయిదేళ్లుంటాయి. తండ్రిది విజయనగరం వైపు, బచేలి ఇనుప గనుల్లో ఉద్యోగం. ఇతను పుట్టి పెరిగింది బచేలి టౌన్‌షిప్‌లోనే. "ఉత్తరం బాగా రాశారు సార్. మా ఆవిడకు కూడా చదివి వినిపించా, చాలా సంతోషించింది," అన్నాడు నవ్వకుండా.

ఆ రోజు పాడేది గొల్లపల్లి, కిష్టారం ఊళ్ల దోర్లా తెగ ఆడవాళ్లు. ఊరికి ఆరుగురు, వెనక నలుగురు మగవాళ్లు డోళ్లతో. కెమెరా ఒకటే కనుక పన్నెండుమందినీ జనంవైపు తిప్పి ఒకే వరుసలో నిలబెట్టారు. రిహార్సల్ మొదలైంది. కుడివైపు గొల్లపల్లివాళ్ల గొంతులు గట్టిగా వస్తున్నాయి, ఎడమవైపు కిష్టారంవాళ్లవి దాదాపు లేవు. అడిగితే శ్రీను, "ఒకళ్ల పాట మీద ఇంకొకళ్లు పడుతున్నారు సార్, గజిబిజిగా ఉంది. అందుకే అటువైపు వాళ్లను కోరస్ కింద తగ్గించా," అన్నాడు. నిజం చెప్పాలంటే నాకది తప్పనిపించలేదు. నా ధ్యాసంతా డోళ్లమీదే. వాటిని పెంచమని అరగంట వాదించి పెంచించాను.

రికార్డు చేసిన ముక్క వినడానికి కిష్టారం పెద్దామె జోగమ్మ వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని విని, తీసి బల్లమీద పెట్టింది.

"ఏంది సారూ ఇది? వాళ్లు అడుగుతాండ్రు. మరి మేం మూగోళ్లమా?"

అప్పుడు తెలిసింది. అది పెళ్లిపాట. అమ్మాయి ఊరివాళ్లు ఒక వరుస, అబ్బాయి ఊరివాళ్లు ఇంకో వరుస. ఒకరు అప్పటికప్పుడు కట్టి పాటలో అడుగుతారు. అడగడం పూర్తి కాకముందే రెండోవాళ్లు ఆ చివరి మాట అందుకుని జవాబు చెప్పాలి. ఆగినవాళ్లు ఓడినట్టు. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు విస్తళ్లు వేసి వడ్డించాలి. శ్రీనుకు గజిబిజిగా తోచిందే ఆ పాటకు ప్రాణం.

"మా కిష్టారంల అందరు ఫోన్లు పట్టుకొని కూసుంటరు," అంది జోగమ్మ. "మేం నోరు తెరుస్తం, మూస్తం, సప్పుడుండదు. ఓడిపోయిండ్రంటరు. రేపు ఊళ్లె ఏ మొకం పెట్టుకొని తిరగాలె?"

గొల్లపల్లి వరుస పెద్ద లచ్చమ్మ వేదికమీదనుంచే అందుకుంది: "మంచిదే గదనే వదినా! పాడకుండనే గెలుస్తం. విస్తర్లు మీరే ఎయ్యాలె."

శ్రీను కిష్టారం మైకులు పెంచాడు. ఈసారి జవాబు వినిపించింది, కానీ ఆలస్యంగా. డోళ్ల మోతలో, పక్కపక్కన నిలబడితే ఒకరి మాట మరొకరికి అందడం లేదు. "ఎదురుబొదురు నిలబడాలె సారూ," అంది జోగమ్మ. "వాళ్ల నోరు జూసి అందుకుంటం మేము." నా వైపు తిరిగి, "ఆ డోలు మా కాళ్లకు తగిల్తె సాలు. టీవీ జూసేటోళ్ల చెవులు పలగ్గొట్టుడెందుకు?" అంది. మూడు పేజీల ఉత్తరానికి ఇంత చిన్న జవాబు ఇంకెవరూ ఇవ్వలేరు.

రాయ్‌పూర్‌లో కూర్చున్న డైరెక్టర్ శ్రీను చెవిలోని ఇయర్‌ఫోన్‌ద్వారా, ఎదురెదురుగా నిలబెట్టడానికి ఒప్పుకోనన్నాడు. పబ్లిక్‌కు చెహరా, అంటే మొహం, కావాలట, వీపులు కాదట. నేను ఆ ఇయర్‌ఫోన్, దాని తీగకున్న మైకు లాక్కుని నాకొచ్చిన హిందీలో పది నిమిషాలు వాదించాను. సగంలోనే ఆయన పెట్టేశాడట. మిగతా సగం ఎవరూ వినలేదు.

ఎనభై రూపాయల భోజనం చేసి తిరిగొచ్చేసరికి శ్రీను వేదిక మధ్యలో రెండు మైకులు ఒకదానికొకటి వీపు పెట్టి పాతుతున్నాడు. ఎందుకన్నాను. "ఖాళీగా ఉన్నాయి సార్, గాలి తగులుతుందని," అన్నాడు. కిందికి దిగుతూ జోగమ్మకు ఆ మైకులు వేలితో చూపించాడు.

సరిగ్గా నాలుగింటికి ప్రసారం మొదలైంది. మొదటి ప్రశ్నకు కిష్టారం జవాబు ఆలస్యమైంది. రెండోదానికి ఇంకా. లచ్చమ్మ మొహంలో నవ్వు కనిపిస్తోంది. మూడో ప్రశ్న మొదలవుతుండగా జోగమ్మ పక్కామె నడుం చుట్టూ చెయ్యి బిగించి అడుగు మార్చింది. కిష్టారంవాళ్లు ఆరుగురూ ఒకరినొకరు పట్టుకునే, ఆ అడుగు వదలకుండానే అర్ధచక్రం తిరిగి గొల్లపల్లివాళ్లకు ఎదురుగా నిలబడ్డారు. మధ్యలో ఆ రెండు మైకులు. కెమెరాకు ఆరు వీపులు.

ఇయర్‌ఫోన్‌లో డైరెక్టర్ కేకలు పక్కనున్న నాక్కూడా వినిపించాయి. శ్రీను దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. నడిమి మైకులు రెండూ మిక్సర్ మీద ఒకే స్థాయికి తెచ్చి, నేను పెంచించిన డోళ్లను మెల్లగా దించాడు. అప్పుడొచ్చింది పాట. ప్రశ్న తోక పట్టుకుని జవాబు, జవాబు మెడ మీద ఇంకో ప్రశ్న. తొమ్మిదో పదో సారికి జోగమ్మ జవాబుతోపాటే ఎదురు ప్రశ్న వేసింది. లచ్చమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. డోళ్లు మాత్రం రెండు ఆవర్తాలు ఒంటరిగా నడిచాయి.

వేదిక దిగీదిగగానే కిష్టారంనుంచి ఫోను. స్పీకర్ పెట్టారు. "ఓ జోగక్కా! నీ యీపు తప్ప ఏం కనబడలే!"

"పాట?"

"పాట మస్తు ఇనబడ్డది. గొల్లపల్లోళ్లు ఆగింది సుత ఇనబడ్డది!"

కిష్టారం వరుసలోని ఒక పడుచు మాత్రం మూతి ముడుచుకుంది: "కొత్త చీర ఎవలికోసం గట్టిన మరి?" లచ్చమ్మ అడ్డాకుల విస్తళ్లు పరుస్తూ, "నాకు కనబడ్డది తియ్యే, తిను," అని వడ్డించింది. నాకూ ఒక విస్తరి వేశారు. వచ్చే కార్యక్రమానికి తనను పిలుస్తారో లేదో తెలియదంటూనే శ్రీను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆ పడుచు అడిగింది కొట్టిపారేసే మాట కాదు. జోగమ్మ తెగువను మెచ్చుకుని ఊరుకోవడం నావల్ల కాదు. ఇంకో కెమెరా ఉంటే ఆమె చీరా కనిపించేది, పాటా వినిపించేది. నగరంలో ఒక్క గాయకుడి చుట్టూ ఆరు కెమెరాలు తిప్పేవాళ్లు, ఈ మనుషులను మొహమో గొంతో ఒకటే ఎంచుకోమన్నారు. వాళ్లు గొంతు ఎంచుకున్నారు. అసలు అలా ఎంచుకోమని అడిగినవాళ్ల మీద నా కోపం తగ్గలేదు. తగ్గాల్సిన అవసరమూ కనిపించలేదు. పాట వినకుండానే ఏది ముఖ్యమో తేల్చేసినవాళ్లలో ఆ పొద్దున నేనూ ఉన్నాను. అది కూడా రాయడం న్యాయం.

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట: భద్రాచలం వైపు చివరి బస్సు ఎన్నింటికో కుంటలో దిగిన వెంటనే అడిగి పెట్టుకోండి. పాట అయ్యాక విస్తరి ముందునుంచి లేస్తానంటే వాళ్లు ఒప్పుకోరు.