ఓరుగల్లు మూడో బురుజు

పరాయి దేశంలో మేముండే శివారు వెర్రిబీలో మా ఆదివారం తెలుగు బడి పిల్లల చేత ఓరుగల్లు కోట పతనాన్ని నాటకంగా వేయించాలన్న బుద్ధి పుట్టింది నాకే. మాది వరంగల్. ఆ రాళ్ళ మధ్య ఆడుకుంటూ పెరిగినవాడికి ఇంకే కథ తడుతుంది?

మా అమ్మాయికి కోట తలుపు కాపలా వేషం ఇచ్చాను. ఇక్కడే పుట్టిన పిల్ల. కులమన్న మాట ఆమె చెవిన పడకుండా నేనూ నా భార్యా కాచుకుంటూ వచ్చాం. ఈ దేశం వచ్చి నేను బాగుచేసింది ఏదైనా ఉంటే అదేనని నా నమ్మకం.

కథ తేలికే. ఢిల్లీ సైన్యం కోటను ముట్టడించి, లాభం లేక వెనుదిరుగుతుంది. ఇక రారులే అని రాజు గాదెల్లోని ధాన్యం అమ్మించేస్తాడు. వాళ్ళు మళ్ళీ వస్తారు. బురుజుకో నాయకుడు ఉన్నాడు గానీ, పక్క బురుజువాడికి పేరొస్తుందన్న కడుపుమంటతో మూడో బురుజు నాయకుడు చేతులు ముడుచుకుని కూర్చుంటాడు. కోట పోతుంది. ఎవరినీ నొప్పించడమెందుకని ఆ నాయకుడికి పేరు గానీ ఇంటిపేరు గానీ పెట్టలేదు.

అదే కొంప ముంచింది. పేరు లేకపోయేసరికి అతడు ఏ కులంవాడో తేల్చే పనిలో పెద్దలు పడ్డారు. ఆ వేషం వేస్తున్న అబ్బాయి తండ్రి కారు పార్కులో నన్ను పక్కకు పిలిచాడు.

“ఆ నాయకుడు ఎవరి తాలూకండీ? మావాడికే ఎందుకిచ్చారు?”

గొంతు పెద్దదని ఇచ్చానన్నాను. నమ్మలేదు. వేషం ఇంకొకడికి మారిస్తే, ఆ కొత్తవాడి తల్లి ఫోన్ చేసి ద్రోహులు మావాళ్ళేనా అని నిలదీసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాతి ఆదివారం హాలు సగం ఖాళీ. ఆ పై వారం పక్క సబర్బ్‌లో ఇంకో తెలుగు బడి వెలిసింది. నాయకుల వేషాల పిల్లలందరూ తలోవైపు చీలిపోయారు. ఢిల్లీ సైనికులు మాత్రం ఒక్కరూ మానలేదు, ఆ వేషాల మీద ఎవరికీ అభ్యంతరం లేదు మరి. వాళ్ళకెదురుగా తలుపు దగ్గర మా అమ్మాయి ఒక్కతే నిలబడింది. చూస్తుంటే నాకు భయం వేసింది.

నాటకం ఆపేసి ఇంటికి బయల్దేరాం. కారులో మా అమ్మాయి అడిగింది.

“వాట్స్ అవర్ కులం, డాడీ? ఎవ్రీవన్ నోస్ దెయిర్స్.”

మనకలాంటిదేమీ లేదమ్మా అన్నాను.

“దెన్ విచ్ తెలుగు స్కూల్ డు ఐ గో టు?”