రోజెన్ బిరడాలు

రోజెన్ చేతి దెబ్బ తినని మగాడు మా ఊరు పోర్స్‌మెల్‌లో లేడు. నేనూ తిన్నాను, చెంప మీద, నా పెళ్లి విందులోనే.

బ్రెటన్ తీరంలో ఆల్చిప్పలు పెంచే మళ్లు ఆమెకు తాత నుంచి వచ్చాయి. ఒకప్పుడు ఒడ్డున ఉన్న ఇళ్లన్నీ మురుగును గొట్టాల్లో సముద్రంలోకి వదిలేవి. ఆ నీళ్లలో పెరిగిన ఆల్చిప్పలు తిని పట్నంలో ఓ పెళ్లివారంతా మంచాన పడ్డారు. అధికారులొచ్చి అమ్మకం ఆపేశారు. ఆ రోజు నుంచి రోజెన్‌కి ఊరంతా శత్రువులే.

వసంతంలో పెద్ద పాటు వచ్చి సముద్రం బాగా వెనక్కి పోయినప్పుడు, మేమంతా బకెట్లు పట్టుకుని గుల్లలేరుకోవడానికి దిగుతాం. రోజెన్ మాత్రం సంచినిండా పీపా బిరడాలూ, కొయ్య సుత్తీ పట్టుకుని దిగేది. బయటపడ్డ గొట్టానికల్లా బిరడా దిగ్గొట్టేది. సాయంత్రానికి ఎవరి మురుగు వాళ్ల స్నానాలగదిలోకే ఎగదన్నేది. జనం ఊరుకుంటారా? ఆమె పడవకు చిల్లులు పొడిచారు. ఒక ఏడాది రాళ్లతో కొట్టి ముందుపళ్లు రాలగొట్టారు. ఆమె నెత్తురు ఉమ్మేసి పక్క గొట్టం దగ్గరికి నడిచింది. ఈ గొడవ భరించలేకే పంచాయతీ మురుగు శుద్ధి కేంద్రం కట్టించింది. అందులో నా ఉద్యోగం ఆ పళ్ల పుణ్యమే.

ఇళ్లన్నీ కేంద్రానికి కలిపాం. అయినా ఆల్చిప్పలు అధికారుల పరీక్షలో తప్పాయి. ఇంకోసారి తప్పితే మళ్లు లాగేసుకుంటామన్నారు. మళ్లకు ఎగువన పీతలు పట్టే గిరెక్ ఇల్లుంది. బడిలో ఆమె పక్కన కూర్చున్నవాడే, పడవ చిల్లుల్లోనూ చెయ్యున్నవాడే.

"ఒరేయ్ గిరెక్, దొంగ గొట్టం ఎక్కడ దాచావురా?" అని రేవులో నిలదీసింది.

"నీ బోసినోట్లో. వెతుక్కోవే!"

సుత్తి లేచింది. వాడి దవడ విరిగిన చప్పుడు కాఫీ కొట్టులో ఉన్న నాకు వినబడింది. కింద పడ్డవాణ్ని ఇంకా కొడుతుంటే నలుగురం కలిసి ఈడ్చాం. నా మోచెయ్యి కొరికింది, రాక్షసి. గిరెక్ పోలీసులు వద్దన్నాడు. బాకీ తనే తీర్చుకుంటానని సైగ చేశాడు.

ఇక లాభం లేదని నేను పచ్చరంగు డబ్బా తీశాను. ఒక్కో మరుగుదొడ్డిలో పోసి, ఎక్కడ తేలుతుందో చూడాలి. గిరెక్ ఇంటి రంగు బుద్ధిగా మా కేంద్రానికే వచ్చింది. ఊళ్లో అన్ని ఇళ్లదీ అంతే. చివరికి రోజెన్ ఆల్చిప్పలు కడిగే రేకుల కొట్టు మిగిలింది. దాని వెనక ఆమె తాత కట్టిన మరుగుదొడ్డి ఉంది. మేం కలిపింది ఇళ్లను, కొట్టు ఇల్లు కాదు కదా! రోజూ దాన్ని వాడుతున్న ఆమెకే తట్టలేదు.

"ఇందులోనూ పొయ్యనా?" అన్నాను.

"పొయ్యరా. పోసి సిగ్గు తెచ్చుకో."

కాసేపటికి ఆమె మళ్ల మధ్యే నీళ్లు పచ్చబడ్డాయి.

రోజెన్ వెళ్లి ఓ బిరడా, సుత్తీ తెచ్చుకుంది. పాటు వచ్చేదాకా గట్టు మీద కూర్చుని, బురదలోకి దిగి, తన గొట్టానికి తనే బిరడా కొట్టింది. ఆ సుత్తితోనే గిరెక్ గుమ్మం ఎక్కింది. నేను వెనకాలే పరిగెత్తాను.

"తప్పు నాదేరా. ఇందా, తీర్చుకో" అని సుత్తి వాడి చేతికిచ్చి మొహం ముందుకు పెట్టింది.

పోనీలే అంటాడనుకున్నాను. గిరెక్ అంత మంచివాడు కాదు. సుత్తెత్తి దవడ మీద కొట్టాడు. ఆమె గుమ్మంలోనే కూలిపోయింది. ఆసుపత్రికి నేనే మోశాను, ఇద్దర్నీ తిడుతూ.

నెల తిరిగేసరికి ఆల్చిప్పలు పరీక్షలో నెగ్గాయి. మళ్లు తెరిచిన రోజు మొదటి చిప్ప ఊరందరి ముందూ మళ్ల యజమాని తినాలి, అది మా రివాజు. రోజెన్ దవడకు కట్టుతో రేవులో బల్ల వేసుకు కూర్చుంది. మేమంతా దూరంగా నిలబడ్డాం, దగ్గరికి ఒక్కడూ పోలేదు. అంతలో గిరెక్ తన కట్టుతో తను వచ్చి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ నెలగా స్ట్రాతో సూపు పీలుస్తున్నారు. పచ్చి ఆల్చిప్పను నమిలే పని లేదు, మింగెయ్యడమే.

ఆమె మొదటిది కత్తితో తెరిచి, తను తినకుండా వాడి ముందుకు తోసింది. "మింగు. చావవులే."

"చస్తే నీదే పాపం" అని పళ్లసందుల్లోంచి గొణిగి, చిప్ప ఎత్తి లోపలి కండ గుటుక్కున మింగాడు. మేమంతా వాడి మొహమే చూస్తున్నాం.

"ఇంకోటి తెరవ్వే" అన్నాడు.

రోజెన్ ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. ఏడుస్తూనే కత్తి అందుకుంది.